పైరసీ సైటులో అన్నీ ఉంటాయి, డబ్బు కట్టిన యాప్‌లో ఎందుకుండవు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నారు, జపాన్ యానిమేషన్ షోలు, అంటే యానిమేలు, చూపించే క్రంచిరోల్ యాప్‌కి నెలనెలా డబ్బు కడుతున్నారు. అయినా చూద్దామనుకున్న యానిమేల్లో సగం అందులో లేవు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు యూట్యూబ్‌లో ఉచితంగా, అదీ అధికారిక ఛానల్‌లోనే చూసిన షో, అమెరికాలో దిగగానే 'మీ దేశంలో అందుబాటులో లేదు' అంటోంది. పైరసీ సైటులో మాత్రం అన్నీ వరసగా ఉన్నాయి. "జపాన్ వాళ్లకి అమ్ముకోవడం చేతకాదా, ఇక్కడి కంపెనీలకి ఆశ ఎక్కువా?" అని అడిగారు.

యానిమేకి సబ్‌టైటిల్స్, డబ్బింగ్ చేసే ఒక అమెరికన్ కంపెనీలో పదమూడేళ్లు పనిచేశాను. మొదట్లో ఫైళ్లు సరిచూసే పని, తర్వాత హక్కుల కాగితాలు చూసే పని. చేతకానితనమూ ఉంది, ఆశా ఉంది, కాదనను. కానీ అసలు చిక్కు అవి కాదు. అమ్మాలనుకునేవాడూ కొనాలనుకునేవాడూ ఎదురెదురుగా కూర్చున్నా, 'సరే, తీసుకోండి' అనగలిగే మనిషి మాత్రం ఆ గదిలో ఉండడు.

మన సినిమా వ్యాపారంతో పోలిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఓవర్సీస్ ఇంకొకరికి, శాటిలైట్, ఓటీటీ, ఆడియో తలా ఒకరికి అమ్ముతారు. కొనేవాళ్లు ఎంతమంది ఉన్నా అమ్మే నిర్మాత సాధారణంగా ఒక్కడే. యానిమేలో ఆ నిర్మాత స్థానంలోనే అయిదారు కంపెనీలు కూర్చుంటాయి. దాన్ని నిర్మాణ కమిటీ అంటారు. మాంగా (జపాన్ కామిక్స్) లేదా నవల వేసిన ప్రచురణ సంస్థ, టీవీ ఛానల్, డిస్కులు వేసే కంపెనీ, పాటల కంపెనీ, యాడ్ ఏజెన్సీ, బొమ్మల కంపెనీ తలా కొంత పెట్టుబడి పెట్టి, ఎవరి వ్యాపారానికి పనికొచ్చే హక్కు వాళ్లు ముందే పంచుకుంటాయి. పెట్టుబడి పోతే అందరికీ కొంచెం కొంచెం పోతుంది, ఎవరూ మునిగిపోరు. అందుకే ఆ పద్ధతి నిలబడింది. కష్టపడి బొమ్మలు గీసిన స్టూడియోకి చాలాసార్లు కూలి తప్ప హక్కు ఏమీ ఉండదు. 'స్టూడియో వాళ్లనే నేరుగా అడిగి కొనొచ్చు కదా' అని కొత్తవాళ్లు అంటుంటారు. తాపీమేస్త్రీని అడిగి ఇల్లు కొన్నట్టుంటుంది అది.

విదేశీ హక్కు ఆ కమిటీలో ఒకరి చేతిలో ఉంటుంది. కానీ అతనూ ఒంటరిగా సంతకం పెట్టేయలేడు. మిగతావాళ్లు ఒప్పుకోవాలి, రచయిత తరఫున ప్రచురణ సంస్థ ఒప్పుకోవాలి. మన దగ్గర పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా, తాత నుంచి తండ్రికి ఎలా వచ్చింది, అన్నదమ్ముల పంపకం రిజిస్టరైందా అని. ఇక్కడా అచ్చంగా అదే. నేను చూసిన ఒక షోలో రెండో సీజన్‌కి కమిటీ మారింది. మొదటి కమిటీలో ఉన్న ఒక చిన్న కంపెనీ ఇంకో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. ఆ పాత వాటా ఎవరి పద్దులోకి వెళ్లిందో అటువైపే తేల్చుకోలేకపోయారు. ఒక్క సంతకం కోసం ఏడు నెలలు ఎదురుచూశాం. ఈలోగా జనం 'మొదటి సీజన్ ఉంది, మూడోది ఉంది, రెండోది ఎక్కడరా' అని మమ్మల్ని తిడుతూనే ఉన్నారు. మీ యాప్‌లో మధ్య సీజన్ మాయమైతే చాలాసార్లు వెనకాల ఇలాంటి కథే ఉంటుంది.

లింకు డాక్యుమెంట్లు తేడా పడితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి మాక్రాస్‌ని మించింది లేదు. 1982లో జపాన్‌లో వచ్చిన 36 ఎపిసోడ్ల టీవీ సిరీస్ అది. ఆలోచన, డిజైన్లు స్టూడియో న్యూ అనే బృందానివి. వెనకాల ఉన్నది బిగ్ వెస్ట్ అనే యాడ్ ఏజెన్సీ. నిర్మాణ భారం మోయలేక తట్సునోకో అనే స్టూడియోని కలుపుకున్నారు, బదులుగా విదేశీ అమ్మకం హక్కు ఇచ్చారు. తట్సునోకో దాన్ని లాస్ ఏంజెలెస్‌లోని హార్మొనీ గోల్డ్ అనే కంపెనీకి ఇచ్చింది. అప్పట్లో అమెరికాలో స్థానిక ఛానళ్లకి వారానికి అయిదు రోజులు వేసుకునే కార్యక్రమం కావాలి. పదమూడు వారాలు నడవాలంటే 65 ఎపిసోడ్లుండాలి. చేతిలో ఉన్నవి 36. ఏం చేశారో తెలుసా? దీనికి ఏ సంబంధమూ లేని ఇంకో రెండు యానిమేలు తెచ్చి, మూడింటినీ ఒకే వంశం కథగా కుట్టి, 1985లో రోబోటెక్ పేరుతో 85 ఎపిసోడ్లు వదిలారు. అది ఇక్కడ పెద్ద హిట్టు. ఒక తరం అమెరికన్లు యానిమేలో పడిందే దానివల్ల. కళ పరంగా తప్పని కొందరు ఇప్పటికీ తిడతారు. నాకైతే ఆ కాలానికి వేరే దారి లేదనిపిస్తుంది.

చిక్కు తర్వాత వచ్చింది. జపాన్‌లో మాక్రాస్‌కి కొత్త సిరీస్‌లు వస్తున్నాయి. అమెరికాలో మాక్రాస్ పేరు ట్రేడ్‌మార్కు హార్మొనీ గోల్డ్ చేతిలో ఉంది. అటు జపాన్‌లో వాళ్లలో వాళ్లకే కోర్టు గొడవ. 2002లో టోక్యో కోర్టు, మొదటి సిరీస్‌లోని 41 డిజైన్లు బిగ్ వెస్ట్, స్టూడియో న్యూలవని చెప్పింది. 2003లో ఇంకో తీర్పు, ఆ 36 ఎపిసోడ్ల ఫిల్ము తట్సునోకోదని. అంటే రీలు ఒకరిది, రీల్లో ఎగిరే విమానం ఇంకొకరిది! ఇలాంటి ఆస్తి మీద ఎవరు అడ్వాన్సు ఇస్తారు? 2008లో వచ్చిన మాక్రాస్ ఫ్రాంటియర్ జపాన్‌లో బాగా ఆడినా, ఇక్కడ చట్టబద్ధంగా డిస్కు వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి 2021 ఏప్రిల్‌లో బిగ్ వెస్ట్, హార్మొనీ గోల్డ్ రాజీపడ్డాయి. ఆ తర్వాతే ఫ్రాంటియర్ లాంటివి అమెరికా తెరల మీదకు రావడం మొదలైంది. ఇన్నేళ్లూ పైరసీ సైటులో ఉన్నాయా? ఉన్నాయి. వాడికి లింకు డాక్యుమెంట్లతో పని లేదు కాబట్టి.

కమిటీ ఒప్పుకుందనుకుందాం. తర్వాత పాట అడ్డం పడుతుంది. యానిమే మొదట్లో, చివర్లో వచ్చే పాటలు పాటల కంపెనీవి, ఆ గాయకుల ఏజెన్సీవి. వాటి విదేశీ హక్కు విడిగా మాట్లాడుకోవాలి. కొడోచా అనే సిరీస్‌లో మొదటి ఓపెనింగ్ పాట టోకియో అనే బాయ్ బ్యాండ్‌ది. అమెరికా డిస్కులో ఆ పాట తీసేసి వేరే పాట వేయాల్సి వచ్చింది. 2019లో నెట్‌ఫ్లిక్స్ ఇవాంజెలియన్ తెచ్చినప్పుడు మీరూ చూసే ఉంటారు, ఎపిసోడ్ చివర రావాల్సిన 'ఫ్లై మీ టు ద మూన్' జపాన్ బయట మాయమై పియానో ముక్క వచ్చింది. తమాషా ఏంటంటే అది పుట్టిందే అమెరికాలో. జపాన్ షోలోకి వెళ్లిన అమెరికా పాటకి తిరిగి అమెరికా రావడానికి వీసా దొరకలేదన్నమాట.

ఇక డబ్బు సంగతి. ఎంజీ (మినిమమ్ గ్యారంటీ) అనే మాట తెలుగు సినిమా వార్తలు చదివేవాళ్లకి కొత్త కాదు. ఇక్కడా అదే పద్ధతి. ముందు కొంత హామీ సొమ్ము ఇవ్వాలి. వచ్చిన రాబడిలోంచి అది, ఖర్చులు తిరిగి వచ్చాకే పంపకం. లైసెన్సు మామూలుగా అయిదేళ్లకో ఏడేళ్లకో. గడువు దగ్గర పడితే మిగిలిన డిస్కులు అమ్ముకోవడానికి కొన్ని నెలలు ఇస్తారు, ఆ తర్వాత గోడౌన్‌లో ఉన్నవి తుక్కే. అమ్ముడుపోని పెట్టెలు తుక్కుకి పంపే కాగితం మీద నేనే రెండుసార్లు సంతకం పెట్టాను. బాగా ఇష్టమైన షో ఒకటి అందులో ఉంది. ఒక సెట్టు తీసుకోనా అని అడిగితే కుదరదన్నారు, లెక్క అటువైపు చూపించాలట.

2000 తర్వాత మొదటి కొన్నేళ్లు డిస్కుల స్వర్ణయుగం. నాలుగు ఎపిసోడ్ల డీవీడీ దాదాపు 30 డాలర్లు. ఆ ఊపులో ఎంజీలు పోటీపడి పెంచేశారు. 2006లో సన్‌కోస్ట్ దుకాణాల మాతృసంస్థ మ్యూజిక్‌ల్యాండ్ దివాలా తీసింది, యానిమే డిస్కులు బాగా అమ్మే దుకాణాల్లో అవి ముఖ్యమైనవి. అదే సమయంలో బిట్‌టోరెంట్‌లో అభిమానులే సబ్‌టైటిల్స్ వేసిన పైరసీ కాపీలు జపాన్‌లో ప్రసారమైన ఒకట్రెండు రోజుల్లోనే వచ్చేస్తున్నాయి. దాంతో డిస్కుల కంపెనీలు ఒక్కొక్కటే కూలాయి. 2007లో జెనియన్ అమెరికా శాఖ పంపిణీ ఆపేసింది. 2009లో సెంట్రల్ పార్క్ మీడియా దివాలా. హ్యూస్టన్‌లోని ఏడీవీ, ఒకప్పుడు ఇవాంజెలియన్ తెచ్చిన కంపెనీ, అదే ఏడాది ఆస్తులు అమ్ముకుంది. 2012 మొదట్లో బాందాయ్ అమెరికా శాఖ కొత్త డిస్కులు వేయనంది. సినిమా బాగుంది, హాలు నిండింది, అయినా డిస్ట్రిబ్యూటర్ మునిగాడు అన్న మాట మనకి కొత్తేమీ కాదు. కొన్న రేటే తప్పు.

డిస్కుల్లో ఇంకో తలనొప్పి బయటివాళ్లకి తెలియనిది. జపాన్‌లో రెండు ఎపిసోడ్ల డిస్కు ఆరేడు వేల యెన్లు. ఇక్కడ 13 ఎపిసోడ్ల పెట్టె యాభై డాలర్లు. డిస్కులకి రీజియన్ అని ప్రాంతాల వారీ తాళం ఉంటుంది. డీవీడీ రోజుల్లో అమెరికా రీజియన్ 1, జపాన్ రీజియన్ 2 కాబట్టి ఇక్కడిది అక్కడ ఆడేది కాదు. బ్లూరే వచ్చాక రెండు దేశాలూ ఒకే రీజియన్, 'ఎ'. జపాన్ అభిమాని అమెరికా నుంచి చవగ్గా తెప్పించుకుంటే అక్కడి కమిటీకి గండి. అందుకని విడుదల ఆలస్యం చేయండి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్ ఆపడానికి వీల్లేకుండా చేయండి, కొన్నిసార్లు జపనీస్ ఆడియోనే తీసేయండి అని షరతులు పెట్టేవారు. ఇక్కడ కొన్నవాడు రిమోట్ నొక్కి నొక్కి మమ్మల్ని తిట్టుకునేవాడు.

క్రంచిరోల్ కథ దాచాల్సిందేమీ కాదు. 2006లో బర్కిలీలో చదువుకున్నవాళ్లు మొదలుపెట్టిన ఆ సైటులో మొదట ఉన్నదంతా జనం ఎక్కించిన పైరసీయే. 2008లో ఒక వెంచర్ సంస్థ 40 లక్షల డాలర్లకు పైగా పెట్టుబడి పెట్టినప్పుడు, డబ్బుపెట్టి హక్కులు కొన్న కంపెనీలు మండిపడ్డాయి. టీవీ టోక్యో ఛానల్‌తో ఒప్పందం కుదిరాక, 2009 జనవరిలో నరుటో అనే సిరీస్ కొత్త ఎపిసోడ్లు జపాన్‌లో వచ్చిన రోజే ఇక్కడా రావడం మొదలైంది. అప్పుడే అనుమతి లేనివన్నీ తీసేశారు. నా మటుకు నేను ఏమనుకుంటానంటే, పైరసీని అంతగా తగ్గించింది కోర్టు నోటీసులు కావు, ఆ 'అదే రోజు' అన్న మాట.

కానీ ఆ 'అదే రోజు' నిలబెట్టడానికి లోపల ఎంత టెన్షనో! జపాన్‌లో అర్ధరాత్రి కార్యక్రమాల టైము 25:30 అని రాస్తారు. శుక్రవారం 25:30 అంటే శనివారం తెల్లవారుజాము ఒకటిన్నర. డాలస్‌లో అది వేసవిలో శుక్రవారం ఉదయం పదకొండున్నర. నవంబరులో ఇక్కడ గడియారం గంట వెనక్కి జరుపుతారు, జపాన్‌లో అసలు జరపరు. నేను చేరిన మొదటి ఏడాది ఆ వారం షెడ్యూలు మార్చడం మర్చిపోయాను. ఎపిసోడ్ పదిన్నరకు రావాల్సింది, పదకొండున్నరకు పెట్టాను. ఆ గంటలో ఎన్ని మెయిళ్లు వచ్చాయో లెక్కపెట్టలేదు. అభిమానులు ఊరుకుంటారు, లైసెన్సు ఇచ్చినవాళ్లు ఊరుకోరు, 'మీ ఆలస్యం వల్ల పైరసీ కాపీ ముందు వెళ్లింది' అంటారు.

మరోవైపు, ముందు వెళ్తే ఇంకా ఘోరం. 2009 మేలో ఫ్యూనిమేషన్ అనే అమెరికన్ యానిమే కంపెనీ వన్ పీస్ అనే సిరీస్‌ని జపాన్‌తో పాటు వేయబోతుంటే, సర్వర్లో పెట్టిన ఎపిసోడ్ గడువుకు ముందే బయటికి పొక్కింది. మొత్తం ఆపేసి, కొన్ని నెలల తర్వాతే మొదలుపెట్టగలిగారు. 2024 ఆగస్టులో సబ్‌టైటిల్స్, డబ్బింగ్ పనిచేసే ఇయూనో అనే సంస్థ నుంచి దండదాన్‌తో సహా నెట్‌ఫ్లిక్స్‌కి రావాల్సిన చాలా షోలు లీకయ్యాయి. అలాంటివి జరిగిన ప్రతిసారీ ఫైళ్లు ఇంకా ఆలస్యంగా ఇస్తారు, బొమ్మ మీద పెద్ద వాటర్‌మార్కు వేసి ఇస్తారు. అనువదించేవాళ్లు ఆ మార్కు వెనక పెదాలు కదిలాయో లేదో కళ్లు చికిలించి చూసుకోవాలి.

ఒక రాత్రి సంగతి చెప్తాను. ప్రసారానికి ముందురోజు మాకు వచ్చిన ఫైల్లో కొన్ని షాట్లకి ఇంకా రంగు వేయలేదు, పెన్సిల్ గీతలే. 'తర్వాత మార్చి పంపుతాం' అని చీటీ. ఒక సీన్లో హీరోయిన్ ఫోన్‌లో మెసేజ్ కనిపిస్తుంది, దానికి సబ్‌టైటిల్ పెట్టాం. ప్రసారానికి మూడు గంటల ముందు అసలు ఫైలు వచ్చింది. వీడియో మార్చి, టైమింగ్ సరిచూసి, ఎక్కించేశాం. మర్నాడు ఒక అభిమాని చూపిస్తే తెలిసింది, చివరి ఫైల్లో ఆ మెసేజ్‌నే మార్చేశారు. తెర మీద 'రేపు స్టేషన్ దగ్గర' అని ఉంటే మా కింది వరసలో 'ఇంట్లోనే ఉండు' అని ఉంది. కథ మలుపే అక్కడ! ఆ అభిమాని రాసిన మెయిల్ చాలా మర్యాదగా ఉంది, అందుకే ఇంకా సిగ్గేసింది.

ఇంకా ఉన్నాయి. బ్రిటన్‌లో డిస్కు వేయాలంటే బీబీఎఫ్‌సీ, అంటే అక్కడి సెన్సార్ బోర్డు, సర్టిఫికెట్ కావాలి, దానికి నిడివిని బట్టి ఫీజు, 50 ఎపిసోడ్ల సిరీస్‌కి బిల్లు ఎంతవుతుందో ఊహించుకోండి. కత్తిరింపుల గొడవ ఇప్పుడు చాలావరకు పోయింది. 1985లో మియజాకి సినిమా నౌసికాని ఇరవై నిమిషాలకు పైగా కోసి అమెరికాలో వదిలిన దెబ్బకి, తర్వాత ఆయన స్టూడియో జిబ్లీ వాళ్లు 'ఒక్క కోత కూడా వద్దు' అని పట్టుబట్టారు. ఆ మాట గుర్తుండేలా వాళ్ల నిర్మాత అమెరికా డిస్ట్రిబ్యూటర్ హార్వీ వైన్‌స్టీన్‌కి కత్తి పంపిన కథ మీరు వినే ఉంటారు.

మరి ఇప్పుడేమైంది? సోనీ 2017లో ఫ్యూనిమేషన్‌ని, 2021లో 117.5 కోట్ల డాలర్లకు క్రంచిరోల్‌నీ కొని రెండింటినీ కలిపేసింది. కొనేవాడు పెద్దవాడైతే కమిటీలోనే పెట్టుబడి పెట్టి మొదటి రోజు నుంచే విదేశీ హక్కు పట్టుకోగలడు, అది మేలే. జపాన్‌లోని యానిమే నిర్మాణ సంస్థల సంఘం లెక్క ప్రకారం 2023లో యానిమే మార్కెట్లో సగానికి పైగా, 1.72 లక్షల కోట్ల యెన్లు, విదేశాల నుంచే వచ్చింది. అమ్మాలన్న కోరిక లేదనలేం. కానీ ఒకే దుకాణం మిగిలితే కొనేవాడికి బలం ఉండదు. 2024 ఏప్రిల్‌లో ఫ్యూనిమేషన్ యాప్ మూసేసినప్పుడు, డిస్కుతో పాటు కోడ్ కొట్టి జనం దాచుకున్న డిజిటల్ కాపీలు కొత్త యాప్‌కి రాలేదు. నా ఖాతాలోవీ పోయాయి. ఈ ఒక్క విషయంలో మీ కోపానికి నా ఓటు ఉంది.

మీ యూట్యూబ్ షో సంగతి. ఇండియాతో కలిపి ఆసియా హక్కు చాలాసార్లు తైవాన్‌లోని మ్యూజ్ లేదా హాంకాంగ్‌లోని మీడియాలింక్ కొంటాయి. వాళ్లు యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టి, ప్రకటనల మీద సంపాదిస్తారు. వాళ్ల ఒప్పందంలో అమెరికా లేదు కాబట్టి తాళం వేయాల్సిందే. అమెరికా హక్కు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు, లేదా అడిగిన ఎంజీ ఎవరికీ గిట్టక అమ్ముడుపోకుండా ఉండొచ్చు. ధర తేడా కూడా ఇందుకే. 2022లో క్రంచిరోల్ ఇండియాలో నెలకు 79 రూపాయలు చేసింది, అప్పుడు అమెరికాలో 7.99 డాలర్లు. అందరికీ అన్నీ తెరిస్తే డాలస్ వాళ్లంతా హైదరాబాద్ అడ్రసు పెడతారు కదా. భాష కూడా విడి హక్కే. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా ఇండియాలో తెలుగులో కూడా ఆడింది. అంతమాత్రాన ఆ తెలుగు ట్రాక్ మీ ఊరి థియేటర్లోనో యాప్‌లోనో ఉండాలని లేదు.

వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకోవచ్చా అని చివర్లో అడిగారు. షరతుల ప్రకారం కుదరదు, ఖాతా ఆపేసినా అడిగే హక్కుండదు. దానికన్నా ముందు మీరుండే ఊరి పబ్లిక్ లైబ్రరీలో వెతకండి. ఫ్యూనిమేషన్ పెరిగింది డాలస్ శివార్లలోనే, ఫ్లవర్ మౌండ్‌లో ఉండేది. ఆ చుట్టుపక్కల లైబ్రరీల్లో పాత యానిమే డిస్కులు నాకు చాలాసార్లు దొరికాయి, ఏ యాప్‌లోనూ లేనివి కూడా. ఆ ఊళ్లో ఉండేవాళ్లకి కార్డుకి మామూలుగా డబ్బు అక్కర్లేదు. డిస్కు ప్లేయర్ మాత్రం మీరే చూసుకోవాలి.